అమీర్‌పేట టు ఢిల్లీ: లారీలో సామాను పంపుతున్నారా? చేతిలో ఈ కాగితం లేకపోతే అంతే సంగతులు!

కోచింగ్ అయిపోయింది.. ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. లేదంటే ట్రాన్స్‌ఫర్ అయింది. మనిషి ఫ్లైట్‌లోనో, రైల్లోనో రెండు బ్యాగులతో వెళ్లిపోతాడు. మరి మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, బైక్ సంగతి? అవన్నీ ఎక్కేది లారీయే.

అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్సార్ నగర్, బల్కంపేట ఏరియాల్లో ఇల్లు మారడం అనేది రోజూ జరిగే పనే. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లు, నిమ్స్ దగ్గర ఇళ్లు తీసుకున్న కుటుంబాలు, మెయిన్ రోడ్డు మీద షాపులు నడిపే చిన్న వ్యాపారులు.. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుతో పని పడుతుంది. కానీ ఇంటి ముందు సామాను ఎక్కించాక అది ఎటు వెళ్తుంది? ఎన్ని చేతులు మారుతుంది? పోతే ఎవరు కడతారు? చాలామందికి తెలియదు. ఆ తెలియకపోవడం మీదే కొందరు దందా నడిపిస్తున్నారు.

అందుకే.. అమీర్‌పేట నుంచి ఢిల్లీ దాకా ఒక లోడ్ ఎలా వెళ్తుంది, కిరాయి ఎలా లెక్కేస్తారు, చట్టం మీకు ఏం హక్కు ఇచ్చింది అన్నది వరుసగా చూద్దాం.

మీ వీధిలోకి పెద్ద లారీ ఎందుకు రాదు?

ముందు ఒక ఆసక్తికరమైన విషయం. పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి మీదుగా వెళ్లే మెయిన్ రోడ్డు మామూలు సిటీ రోడ్డు కాదు. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి దారి అది. పాత లెక్కలో 9వ నంబర్, ఇప్పుడు 65వ నంబర్. ఒకప్పుడు బొంబాయి వైపు లారీలు ఈ దారినే నడిచాయి. ఇప్పుడు అదే రోడ్డు మీద పైన మెట్రో, కింద ట్రాఫిక్. పగటిపూట భారీ వాహనాలకు నగరంలో ఆంక్షలు ఉన్నాయి. దూరప్రాంతాల లారీలు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని ఊరి బయట నుంచే తిరిగిపోతాయి.

కాబట్టి మీ సామాను మొదటి అడుగు చిన్న బండిలోనే పడుతుంది. హాస్టల్ గది సామాను అయితే ట్రాలీ ఆటో లేదా టాటా ఏస్ సరిపోతుంది. రెండు బెడ్‌రూముల ఇల్లయితే డీసీఎం కావాలి. హైదరాబాద్‌లో మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా సరే జనం డీసీఎం అనే పిలుస్తారు. 1980ల్లో వచ్చిన డీసీఎం టొయోటా బండ్ల పేరు అది. ఆ కంపెనీ పేరు పోయినా, మన నోట్లో మాట మాత్రం మిగిలిపోయింది.

ఈ చిన్న బండి సామానును బాలానగర్, బోయిన్‌పల్లి, ఆటోనగర్, మేడ్చల్ లాంటి చోట ఉన్న గోడౌన్‌కు చేరుస్తుంది. అక్కడ హమాలీలు దించుతారు. ఢిల్లీ వెళ్లే మిగతా లోడ్‌తో కలిపి పెద్ద లారీలోకి ఎక్కిస్తారు. ఢిల్లీలో మళ్లీ ఇదే కథ.. గోడౌన్, దించడం, చిన్న బండి, మీ కొత్త ఇల్లు. అంటే మీ వాషింగ్ మెషీన్‌ను దారిలో కనీసం మూడు సార్లు ఎత్తి దించుతారు. దెబ్బలు ఎక్కువగా తగిలేది రోడ్డు మీద కాదు, ఈ ఎక్కించి దించే చోటే.

ఫుల్ లోడా? పార్ట్ లోడా?

లారీ బుకింగ్‌లో రెండు పద్ధతులు ఉంటాయి. బండి మొత్తం మీదే అయితే ఫుల్ లోడ్. మీ ఇంటి దగ్గర ఎక్కించిన సామాను వేరే బండిలోకి మారకుండా నేరుగా వెళ్లే అవకాశం దీనిలో ఉంటుంది. కిరాయి ఎక్కువ. మీ సామాను బండిలో కొంత భాగమే అయితే పార్ట్ లోడ్, లేదా పార్శిల్. కిరాయి తక్కువ. కానీ లారీ నిండేదాకా సామాను గోడౌన్‌లోనే ఆగాలి. రెండు రోజులు కావచ్చు, వారం కావచ్చు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. "సార్, బండి మీకోసమే.. రేపు ఎక్కిస్తే నాలుగో రోజు ఢిల్లీలో ఉంటది" అని ఫోన్‌లో చెప్తారు. తీసుకునేది పార్ట్ లోడ్ రేటు, చెప్పేది ఫుల్ లోడ్ మాట. అందుకే బుకింగ్ కాగితం మీద ఫుల్ లోడా, పార్ట్ లోడా అని రాయించుకోవాలి. మధ్యలో బండి మారుతుందా లేదా అన్నది కూడా అడగాలి.

ఏడు రాష్ట్రాల దారి ఇదీ..

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మార్గంలో దూరం దాదాపు 1,550 నుంచి 1,600 కిలోమీటర్లు. దారి పొడవునా ప్రధానంగా ఒకే రోడ్డు.. 44వ నంబర్ జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే ఈ రహదారే దేశంలో అతి పొడవైన హైవే. మన పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని సెవెన్ హైవే అనే అంటారు. హైదరాబాద్‌కు ఉత్తరాన నాగ్‌పూర్ వైపు వెళ్లే ఈ రోడ్డుకు పాత నంబర్ 7 కాబట్టి.

మేడ్చల్ దాటితే కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్. పెన్‌గంగ దాటగానే మహారాష్ట్ర. హింగన్‌ఘాట్ మీదుగా దాదాపు 500 కిలోమీటర్ల దగ్గర నాగ్‌పూర్ వస్తుంది. ఆ తర్వాత మధ్యప్రదేశ్. పెంచ్ అడవుల దగ్గర రోడ్డును ఎత్తులో కట్టారు. కింద పులులు, జింకలు దాటుతాయి, పైన లారీలు పోతాయి. సివనీ, సాగర్ దాటి ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్, ఝాన్సీ. మళ్లీ మధ్యప్రదేశ్‌లోకి వచ్చి గ్వాలియర్, మొరేనా. చిన్న ముక్క రాజస్థాన్‌లో ధోల్‌పూర్. తిరిగి ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రా, మథుర. హర్యానాలో పల్వల్, ఫరీదాబాద్. ఆ తర్వాత ఢిల్లీ.

తెలంగాణ, ఢిల్లీని కూడా కలిపి లెక్కేస్తే ఏడు ప్రాంతాలు. ఒక్క డ్రైవర్ రోజుకు 350 నుంచి 400 కిలోమీటర్లు నడిపాడనుకుంటే నాలుగైదు రోజుల ప్రయాణం. ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి నడిపితే తొందరగా చేరుతుంది. అంతేగానీ "రెండు రోజుల్లో డెలివరీ" అని పార్ట్ లోడ్ రేటుకు ఎవరైనా చెప్తే అనుమానించాల్సిందే.

ఢిల్లీ శివార్లకు చేరాక కూడా ఆలస్యం కావచ్చు. అక్కడ కూడా పగటిపూట పెద్ద బండ్లకు ఆంక్షలు ఉంటాయి. చలికాలంలో గాలి కాలుష్యం పెరిగితే పాత డీజిల్ లారీలను ఆపేస్తారు. నవంబర్ నుంచి జనవరి మధ్యలో పంపేవాళ్లు ఒకటి రెండు రోజులు అదనంగా వేసుకోవాలి.

కిరాయి ఎలా లెక్కేస్తారు?

లారీ ఓనర్ వైపు నుంచి చూద్దాం. లోడ్‌తో ఉన్న పెద్ద లారీ లీటరు డీజిల్‌కు సుమారు 4 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 1,600 కిలోమీటర్లకు 400 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకుంటే డీజిల్‌కే 38,000 రూపాయలు. దీని మీద టోల్ ఫీజులు, డ్రైవర్ జీతం, బత్తా, టైర్ల అరుగుదల, ఇన్సూరెన్స్, పర్మిట్, బండి ఫైనాన్స్ కిస్తీ ఉంటాయి. కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయల వార్షిక టోల్ పాస్ వచ్చింది. లారీలకు అది వర్తించదు. ప్రతి ప్లాజా దగ్గరా ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అవ్వాల్సిందే.

ఇప్పుడు ఆ లారీలో 18 టన్నుల సరుకు ఉందనుకోండి. డీజిల్ ఖర్చు కిలోకు 2 రూపాయలు దాటుతుంది. సగం బండే నిండితే 4 రూపాయలు దాటుతుంది. వచ్చేటప్పుడు ఖాళీగా రావాల్సి వస్తే? ఆ ఖర్చు కూడా మీ కిరాయి మీదే పడుతుంది. అందుకే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు రిటర్న్ లోడ్ కోసం అంత వెంటపడతారు. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు లోడ్ తెచ్చి, తిరిగి వెళ్లడానికి సరుకు వెతుక్కుంటున్న బండి దొరికితే మీకు రేటు తగ్గుతుంది. తేదీ విషయంలో రెండు మూడు రోజులు పట్టువిడుపు ఉంటే బేరం బాగా కుదురుతుంది.

ఇక పార్ట్ లోడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. బరువును తూకం ప్రకారమే లెక్కేయరు. సైజు చూసి కూడా లెక్కేస్తారు. బరువు లేకపోయినా చోటు ఆక్రమించే సామానుకు ఈ లెక్క పెడతారు. ఉదాహరణకు రెండు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న అట్టపెట్టె. అంటే 8 ఘనపు అడుగులు. ఒక కంపెనీ ఘనపు అడుగుకు 10 కిలోలు లెక్కేస్తే అది 80 కిలోల పెట్టె అవుతుంది. లోపల దిండ్లు, దుప్పట్లు 20 కిలోలే ఉన్నా సరే! వేరే కంపెనీ 6 కిలోలు లెక్కేస్తే 48 కిలోలు అవుతుంది. కిలో రేటు తక్కువ చెప్పి, ఈ లెక్కలో ఎక్కువ లాగేవాళ్లు ఉంటారు. కాబట్టి "కిలో ఎంత?" అని అడిగితే సరిపోదు. "ఘనపు అడుగుకు ఎన్ని కిలోలు పట్టుకుంటారు?" అని కూడా అడగాలి.

హమాలీ ఖర్చు, ప్యాకింగ్, డోర్ డెలివరీ, లిఫ్ట్ లేకపోతే మెట్ల చార్జీ.. ఇవి కిరాయిలో కలిశాయా లేదా? గోడౌన్ డెలివరీ అని రాసి ఉంటే ఢిల్లీ గోడౌన్ నుంచి ఇంటికి మీరే బండి మాట్లాడుకోవాలి. ముందే అడిగితే గొడవ ఉండదు.

అసలు కాగితం.. ఎల్ఆర్

ఇదే ఈ మొత్తం వ్యవహారంలో గుండెకాయ. లారీ రసీదు, వాడుకలో ఎల్ఆర్. ఉత్తరాది వాళ్లు బిల్టీ అంటారు. చట్టం భాషలో గూడ్స్ రిసీప్ట్.

మన దేశంలో రోడ్డు రవాణాకు 1865 నాటి బ్రిటిష్ కాలపు చట్టం చాలా ఏళ్లు నడిచింది. దాని స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం తెచ్చారు. 2011 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం జనం దగ్గర సరుకు తీసుకుని కిరాయికి రవాణా చేసే వ్యాపారి కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. సామాను తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. అసలు కాపీ పంపేవాళ్లకే ఇవ్వాలి. ఎన్ని పెట్టెలు ఇచ్చారు, బరువు ఎంత అన్నదానికి ఆ రసీదే సాక్ష్యం.

అంటే "సార్, వాట్సాప్‌లో ఫొటో పంపిస్తాం, టెన్షన్ తీసుకోకండి" అంటే కుదరదు. ఎల్ఆర్ నంబర్, తేదీ, పెట్టెల సంఖ్య, సామాను విలువ, ఎక్కడి నుంచి ఎక్కడికి, కిరాయి ఎంత, కట్టారా లేక అక్కడ కట్టాలా.. ఇవన్నీ ఉన్న కాగితం చేతికి వచ్చాకే బండి కదలాలి.

సామాను పోతే ఎంత వస్తుంది?

ఇది చాలామందికి తెలియని పాయింట్. సామాను పోయినా, పాడైనా మొత్తం విలువ ఇచ్చేస్తారని అనుకుంటాం. కానీ 2011 నిబంధనల ప్రకారం కామన్ క్యారియర్ బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్లు మాత్రమే. అది కూడా మీరు ప్రకటించిన విలువ దాటకూడదు.

ఒక లెక్క చూద్దాం. హాస్టల్ నుంచి ఒక కుర్రాడు కంప్యూటర్, మానిటర్ పెట్టిన పెట్టెను పార్ట్ లోడ్‌లో వేశాడు. కిరాయి 1,500 రూపాయలు. సామాను విలువ 60,000 రూపాయలు. పెట్టె పోయింది. పది రెట్ల లెక్కన గరిష్ఠంగా వచ్చేది 15,000 రూపాయలు. మిగతా 45,000 సంగతి అంతే!

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి.. బుకింగ్ అప్పుడే అసలు విలువ రాసి, ఎక్కువ రిస్క్ రేటు కట్టడం. అప్పుడు క్యారియర్ బాధ్యత పెరుగుతుంది. ఈ వెసులుబాటు చట్టంలోనే ఉంది. రెండోది.. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్. ఇది ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ అయి ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బిల్లులో "ఇన్సూరెన్స్ 3 శాతం" అని రాసి డబ్బు తీసుకుంటే పాలసీ ఉన్నట్టు కాదు. పాలసీ నంబర్, కంపెనీ పేరు ఉన్న కాపీ అడగండి. ఇవ్వలేకపోతే ఆ డబ్బు ఎందుకు కట్టాలి?

రసీదు మీద చిన్న అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్" అని ఉంటుంది. అది చూసి "సంతకం పెట్టేశాం కదా.. ఇంకేం చేస్తాం" అని వదిలేయొద్దు. ఆ ఒక్క మాటతో నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి క్యారియర్ తప్పించుకోలేడని 2000లోనే సుప్రీంకోర్టు పాత చట్టం కింద ఒక కేసులో తేల్చింది. ఇప్పటి చట్టంలో కూడా సామాను పోతే నిర్లక్ష్యం జరిగిందని మీరు నిరూపించాల్సిన పని లేదు.

కానీ ఒక గడువు ఉంది. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా నష్టం గురించి క్యారియర్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా కోర్టుకు వెళ్లడం కుదరదు. లెక్క మొదలయ్యేది డెలివరీ తేదీ నుంచి కాదు, బుకింగ్ తేదీ నుంచి. "చూస్తాం సార్, వెతుకుతున్నాం సార్" అని ఆరు నెలలు తిప్పించుకుంటే నష్టపోయేది మీరే.

ఈ-వే బిల్లు ఎవరికి కావాలి?

రాష్ట్రం దాటే సరుకుకు 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఇది ఉండాలి. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తున్నారు. హైదరాబాద్-ఢిల్లీ దూరానికి 8 రోజులు వస్తాయి. బండి దారిలో పాడైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు గానీ, ముగిసిన 8 గంటల లోపు గానీ పొడిగించుకోవచ్చు. బండి మారితే కొత్త బండి నంబర్ అప్‌డేట్ చేయాలి.

అమీర్‌పేటలో షాపు నడుపుతూ ఢిల్లీ నుంచి సరుకు తెప్పించుకునేవాళ్లకు ఇది ప్రాణం. ఈ-వే బిల్లు లేకుండా బండి పట్టుబడితే సరుకును, బండిని ఆపేస్తారు. పన్ను పడే సరుకు అయితే, ఓనర్ ముందుకు వచ్చినా కట్టాల్సిన పన్నుకు రెండు రెట్లు జరిమానా పడుతుంది. పండగ సీజన్‌లో సరుకు వారం ఆగిపోతే ఆ సీజన్ పోయినట్టే.

మరి ఇల్లు మారేవాళ్లకు? వాడిన సొంత సామాను, ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. కాకపోతే సామాను జాబితా, సొంత వాడకానికే అని ఒక లెటర్, ఆధార్ కాపీ డ్రైవర్ దగ్గర పెడితే దారిలో ప్రశ్నలు తగ్గుతాయి. కొత్తగా కొన్న టీవీ, సీల్ విప్పని ఫ్రిజ్ లాంటివి ఉంటే బిల్లు కాపీ పెట్టండి.

జీఎస్టీ సంగతి కూడా తేల్చుకుందాం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు వ్యక్తికి ఎల్ఆర్ ఇచ్చి కేవలం సరుకు రవాణా మాత్రమే చేస్తే ఆ సర్వీసుకు మినహాయింపు ఉంది. ప్యాకింగ్, లోడింగ్ అన్నీ కలిపి చేసే ప్యాకర్స్ అండ్ మూవర్స్ సర్వీసుకు లెక్క వేరు, దాని మీద పన్ను పడుతుంది. ఏదైనా సరే.. జీఎస్టీ పేరుతో రూపాయి తీసుకున్నా జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇవ్వాలి.

"సార్, బార్డర్‌లో బండి ఆగింది.."

ఇప్పుడు అసలు దందాకు వద్దాం. పద్ధతి దాదాపు ఒకేలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో వెతికితే పేరున్న కంపెనీలను పోలిన పేరుతో ఒక నంబర్ కనిపిస్తుంది. ఫోన్ చేస్తే మిగతావాళ్లకంటే బాగా తక్కువ రేటు చెప్తారు. మనుషులు వస్తారు, చకచకా ప్యాక్ చేస్తారు, అడ్వాన్స్ తీసుకుంటారు. ఎల్ఆర్ అడిగితే "ఆఫీసు నుంచి పంపిస్తాం" అంటారు. రెండు రోజుల తర్వాత ఫోన్ వస్తుంది.

"సార్, బార్డర్‌లో బండి ఆగింది. ఎంట్రీ టాక్స్ కట్టాలె. పద్దెనిమిది వేలు వెయ్యండి, లేకుంటే సామాను ఇక్కడే దించేస్తరు."

కొత్త ఊళ్లో, ఖాళీ ఇంట్లో, పిల్లలతో ఉన్న కుటుంబం ఏం చేస్తుంది? కట్టేస్తుంది. కట్టాక మళ్లీ ఫోన్. ఈసారి గోడౌన్ చార్జీ. మీ సామాను అప్పటికి బార్డర్ దాకా వెళ్లి ఉండకపోవచ్చు, సిటీ శివారులో ఏదో షెడ్డులోనే ఉండొచ్చు.

గుర్తుపెట్టుకోండి. ఎంట్రీ టాక్స్, ఆక్ట్రాయ్ లాంటివి 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడే అందులో కలిసిపోయాయి. రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను అప్పుడే ఎత్తేశారు. వాడిన ఇంటి సామానుకు బార్డర్‌లో మీరు కట్టాల్సిన పన్ను అంటూ ఏదీ లేదు. ఎవరైనా ఆ పేరుతో డబ్బు అడిగితే అది మోసమే.

మోసాన్ని ముందే పట్టే చిట్కాలు..

1. జీఎస్టీ నంబర్ అడగండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో, ఢిల్లీ అయితే 07తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే కంపెనీ అసలు పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా అన్నది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు.

2. ఆ పేరు, ఎల్ఆర్ మీద పేరు, డబ్బు పంపే బ్యాంకు ఖాతా పేరు.. మూడూ ఒకటేనా చూడండి. వ్యక్తిగత ఖాతాకు వెయ్యమంటే ఆలోచించండి.

3. కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. వీలైతే ఒకసారి ఆఫీసుకు వెళ్లి రండి.

4. మొత్తం డబ్బు ముందే ఇవ్వొద్దు. కొంత అడ్వాన్స్, మిగతాది డెలివరీ తర్వాత అని కాగితం మీద రాయించండి.

5. బండి నంబర్, డ్రైవర్ ఫోన్ నంబర్ తీసుకోండి. ఎక్కించేటప్పుడు వీడియో తీయండి. ప్రతి పెట్టె మీద నంబర్ వేయండి.

ఇవి మాత్రం లారీ ఎక్కించొద్దు

సర్టిఫికెట్లు, బంగారం, నగదు, ఆస్తి కాగితాలు మీతోనే ఉండాలి. హాస్టల్ కుర్రాళ్లు డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్ పుస్తకాల పెట్టెలో వేసేస్తుంటారు, అది చాలా ప్రమాదం. గ్యాస్ సిలిండర్ అస్సలు పంపొద్దు. ఏజెన్సీలో సరెండర్ చేస్తే డిపాజిట్ తిరిగి వస్తుంది, వోచర్‌తో కొత్త ఊళ్లో కనెక్షన్ తీసుకోవచ్చు. ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి ఆరబెట్టండి. బైక్ పంపితే పెట్రోల్ తీసేసి, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు ఇవ్వండి. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలి.

డెలివరీ అప్పుడు తొందరపడొద్దు. డ్రైవర్ "సంతకం పెట్టండి సార్, ఇంకో లోడ్ ఉంది" అంటాడు. పెట్టెలు లెక్కపెట్టాకే సంతకం పెట్టండి. పగిలినా, తగ్గినా డెలివరీ కాపీ మీద అక్కడే రాసి ఫొటో తీసుకోండి. ఇంకో మాట.. సామాను వచ్చిందని నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో తీసుకోకపోతే చట్టప్రకారం దాన్ని ఎవరూ తీసుకోని సరుకుగా లెక్కేస్తారు. ఆ తర్వాత మళ్లీ నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం కూడా క్యారియర్‌కు ఉంటుంది.

గొడవ వస్తే ఎక్కడికి వెళ్లాలి?

మొదట రాతపూర్వక నోటీసు. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపితే సాక్ష్యం ఉంటుంది. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఢిల్లీలో ఉంటే ఢిల్లీలోనే. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వ్యాపారం కోసం తెప్పించిన సరుకు అయితే అన్ని సందర్భాల్లో వినియోగదారుడిగా లెక్కించరు, సివిల్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు.

సామాను బందీగా పెట్టుకుని డబ్బు అడుగుతుంటే అది పోలీసు కేసు. భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్ ప్రకారం రవాణాదారుడు నమ్మి అప్పగించిన ఆస్తిని కాజేస్తే ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు కాల్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

స్టీరింగ్ పట్టుకున్న మనిషి

అన్ని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులూ మోసం చేయవు. లక్షల లోడ్లు రోజూ సరిగ్గానే చేరుతున్నాయి. వాటిని చేర్చేది డ్రైవరే. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. హైవే మీద అది ఎంతవరకు అమలవుతుందో రాత్రి రెండింటికి డాబాల దగ్గర చూస్తే తెలుస్తుంది. కేబిన్‌లో ఎండాకాలం వేడికి ఉడికిపోయే పరిస్థితి మారాలని 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. పాత బండ్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు.

ఓవర్‌లోడ్ కూడా డ్రైవర్ మెడకే చుట్టుకుంటుంది. పది టైర్ల లారీకి 2018 నుంచి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. దాటితే 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా. మూడు టన్నులు ఎక్కువైతే 26,000 రూపాయలు. ఎక్కువైన సరుకు దించాకే బండి కదలాలి. ఆ ఎక్కువ బరువుతో బ్రేకులు పడకపోతే పోయేది ప్రాణమే.

లారీ ఆగితే ఏమవుతుందో హైదరాబాద్ 2024 జనవరి మొదట్లో కళ్లారా చూసింది. హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల శిక్ష నిబంధనపై ట్యాంకర్ల డ్రైవర్లు బండ్లు ఆపేస్తే, ఒక్క పూటలోనే పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టాం. ట్రాన్స్‌పోర్టర్ల సంఘంతో చర్చించాకే ఆ నిబంధన అమలు చేస్తామని కేంద్రం చెప్పాకే పరిస్థితి సర్దుకుంది.

కాబట్టి తక్కువ రేటు కోసం బేరం ఆడేటప్పుడు ఒక్కటి ఆలోచించండి. డీజిల్, టోల్ లెక్కకు కూడా సరిపోని రేటు ఎవరైనా చెప్తున్నారంటే ఆ తేడా ఎక్కడో ఒకచోట తీయాల్సిందే. ఓవర్‌లోడ్ నుంచి తీస్తారు, డ్రైవర్ నిద్ర నుంచి తీస్తారు.. లేదంటే "బార్డర్‌లో ఆగింది" అని మీ దగ్గరే తీస్తారు. బుక్ చేసే ముందు ముగ్గురి దగ్గర రేటు కనుక్కోండి, జీఎస్టీ నంబర్ చెక్ చేయండి, ఎల్ఆర్ చేతికి వచ్చాకే బండిని కదలనివ్వండి.